బాటరీల సంధితలమును బొర్రా కొండలును

విద్యుచ్ఛక్తిని పుట్టించుటకంటె దానిని నిలువచేయుట కష్టమని యీ కాలమున ప్రతి గృహస్థునకును, ప్రతి రైతునకును అనుభవమునకు వచ్చుచున్నది. పగటి యెండకు పలకలమీద పుట్టిన కరెంటు రాత్రివేళ చేనికి తడి పెట్టుటకు పనికిరావలయునన్నను, పట్టణమున స్కూటరు నడువవలయునన్నను, ఆసుపత్రిలో దీపము ఆరకుండవలయునన్నను నడుమ నొక బాటరీ యుండక తప్పదు. అట్టి బాటరీని నిర్భయముగ నింట నుంచుకొనవచ్చునా యను ప్రశ్న 2022వ సంవత్సరమున తెలుగువారి గడపలోనికే వచ్చి నిలిచినది. ఆ యేప్రిలు మాసమున బెజవాడయందును, నిజామాబాదునందును ఇంటిలోని విద్యుత్ స్కూటరు బాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న భవనమున పుట్టిన యగ్ని మీది హోటలునకు ప్రాకి 8 మందిని బలిగొన్నది. ఆ సంవత్సరాంతమున కేంద్రప్రభుత్వమువారు బాటరీల పరీక్షా నియమములను బిగించిరి. అది యవసరమే. కాని నియమములు చెడు సరకును కొంత అరికట్టగలవే గాని వస్తుస్వభావమును మార్చలేవు. ఆ స్వభావ మెట్టిదో, దానిని మార్చుటకు శాస్త్రజ్ఞులు చేయుచున్న కృషి యెక్కడ చిక్కువడి యున్నదో, అందు మన ప్రాంతము చేయదగిన దేమో పాఠకులకు నివేదింపదలచినాము.

నేటి వాడుకలోని లిథియము బాటరీని 1991లో జపాను దేశపు సోనీ సంస్థ మొదట బజారునకు తెచ్చెను. దానికి మూలమైన పరిశోధనలకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమాన మొసగబడినది. అందు రెండు ధ్రువములును, వాని నడుమ నొక ద్రవమును ఉండును. ఛార్జి చేయునపుడు లిథియము అయానులు ఆ ద్రవము గుండ నొక ధ్రువమునుండి వేఱొక ధ్రువమునకు పోవును, వాడుకొనునపుడు మరలివచ్చును. ఎలక్ట్రానులు మాత్రము వెలుపలి తీగవెంట నడచి మన పనిని చేసిపెట్టును. ఈ ద్రవము మండు స్వభావము గల సేంద్రియ ద్రావకములతో చేయబడినది. ధ్రువములు లోపల నెందైన తాకినచో వేడి పుట్టును, వేడికి ద్రవ మావిరియగును, ఆవిరికి నిప్పంటుకొనును. బెజవాడలోనైనను, మఱి యే దేశమునందైనను ఇట్టి ప్రమాదములకు చాలవఱకు మూల మిదియే.

కావున ఆ ద్రవమును తీసివేసి, దాని స్థానమున అయానులకు దారి యిచ్చు ఘనపదార్థము నొకదానిని పెట్టవలయునని విద్వాంసులు యత్నించుచున్నారు. దీనివలన మఱియొక లాభమును గలదు. నేడు ఋణధ్రువముగ వాడు గ్రాఫైటు గ్రామొకటికి 372 మిల్లీ ఆంపియరు గంటల విద్యుత్తును దాచగలదు. శుద్ధ లిథియము లోహమే యా పని చేసినచో గ్రాముకు 3,860 దాచగలదు. ద్రవముతో లోహపు లిథియమును వాడుట ప్రమాదకరమని తేలినందున దానిని విడిచిరి. ఘనముతోనైన సాధ్యము కావచ్చునని యాస కలిగినది.

ఘనపదార్థము గుండ విద్యుత్తు అయానుల రూపమున నడచునను విషయము క్రొత్తది కాదు. వేడిచేసిన సిల్వరు సల్ఫైడునం దీ లక్షణమును 1833లోనే ఫారడే గుర్తించెను. 1972లో ఇటలీ దేశమున గుండెజబ్బు గల రోగి శరీరమున లిథియము, అయొడినులతో చేసిన ఘనబాటరీ గల యంత్రము నమర్చిరి. ఆ బాటరీయందు నడిమి పొరను ఎవరును పెట్టనక్కఱలేదు. లిథియమును అయొడినును తాకిన చోట లిథియము అయొడైడు తనంతట తానే పొరయై యేర్పడి, యా రెంటిని వేఱుచేయుచు, అయానులకు మాత్రము త్రోవ నిచ్చును. గుండె నడుపు యంత్రమునకు కావలసిన కరెంటు అత్యల్పము గనుక అది సంవత్సరములతరబడి పనిచేసెను. కాని వాడినకొలది యా పొర దళసరియై యడ్డు పెరుగుచుండును. స్కూటరునకు, మోటారునకు కావలసినంత కరెంటును అట్టి పొర గుండ తీయుట యసాధ్యము. రెండు పదార్థములు కలియు హద్దునందు జరుగు మార్పే యొకచోట రక్షయు, వేఱొకచోట ప్రతిబంధకమును అగుచున్నదని యీ యుదాహరణము తెలుపుచున్నది. ఆ హద్దునే మేము సంధితల మనుచున్నాము. ఘనబాటరీల భవిష్యత్తంతయు ఈ సంధితలముమీదనే యాధారపడి యున్నది.

ఇందలి చిక్కులు ముఖ్యముగ మూడు. మొదటిది స్పర్శ. ద్రవము ఏ సందునకైనను ప్రాకి తడుపును, ఘనము ప్రాకదు. పొడి యిటుకపై పొడి యిటుక నుంచినచో చూపునకు రెండును కలిసినట్లే యుండును గాని, నిజమునకు ఎత్తైన బిందువులవద్ద మాత్రమే తాకుచుండును. తక్కిన చోట్ల గాలి యుండును. అయానులు గాలిలో నడువవు. పైగా బాటరీ పనిచేయునపుడు ధ్రువములు ఉబ్బుచు సంకోచించుచు నుండుటచే కలిసిన చోట్లును విడిపోవును. లిథియము త్వరత్వరగ తఱిగిపోవునపుడు దాని యంచున గుల్లలు పడును. అందుచేతనే ప్రయోగశాలలలో ననేకములైన ఘనబాటరీలను పెద్ద బిగింపులలో నొత్తిపట్టి నడుపవలసివచ్చుచున్నది.

రెండవది రసాయనక్రియ. లిథియము మిక్కిలి చుఱుకైన లోహము. అది తనకు తగిలిన ఘనమునకు ఎలక్ట్రానుల నిచ్చి దానిని విడగొట్టును. ఆ విడిపోయిన పదార్థములతో సంధితలమున నొక పొర యేర్పడును. ఆ పొర అయానులను పోనిచ్చి ఎలక్ట్రానులను పోనీయనిదైనచో క్రియ యంతటితో నిలిచిపోవును. అట్టి పొర మిత్రము. ఎలక్ట్రానులను గూడ పోనిచ్చునదైనచో క్రియ యాగక, చెద యింటి దూలమును తినునట్లు ఘనమును లోలోపల తినివేయును, అది శత్రువు. 2011లో జపానునందు కన్నో మున్నగువారు జెర్మేనియము గల యొక గంధకపదార్థమును కనుగొనిరి. దాని గుండ అయానులు ద్రవమునందువలెనే వేగముగ నడచినవి. లోకమంతయు ఆశ్చర్యపడెను. కాని లిథియమునకు తగిలినపుడు అది రెండవ తరగతి పొరనే పుట్టించుచున్నదని పిదప తేలినది. పైగా గంధకపు ఘనములు గాలిలోని తేమకు విషవాయువును విడుచును. కాబట్టి ఘనమన్నంతనే నిరపాయ మనుకొనుటయు పొరపాటే.

మూడవది చీలిక. ఛార్జి చేయునపుడు లిథియము సమముగ పఱచుకొనక సూదులవలె పెరుగును. ఘనము గట్టిది గనుక ఆ సూదులను ఆపునని మొదట తలచిరి. అట్లు కాలేదు. ఘనమునందలి సన్నని పగుళ్లలోను, రేణువుల నడిమి సందులలోను లిథియము చొచ్చుకొనిపోయి, వేరు రాతిగోడను చీల్చినట్లు దానిని చీల్చి, ఆవలి ధ్రువమును తాకుచున్నది.

ఈ విద్యయందు మన దక్షిణాదివారి పాలు తక్కువది కాదు. 2007లో రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై యను ఇద్దఱు దాక్షిణాత్యులు, జర్మనీ దేశపు ఆచార్యుడు వెప్నరుతో కలిసి, లిథియము, లాంథనము, జిర్కోనియము, ఆక్సిజనులతో గూడిన యొక ఘనమును ప్రకటించిరి. దాని స్ఫటికనిర్మాణము గార్నెట్టు రాతి నిర్మాణమువంటిది. అది లిథియమునకు తగిలియు చెడక నిలుచునన్న కీర్తి గన్నది. అయినను గాలిసోకినంతనే దానిపై లిథియము కార్బొనేటు పొర పట్టుటచే లిథియము దానికి అంటకుండెను. తామరాకుపై నీటివలె జాఱిపోవుచుండెను. 2017లో అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయమువారు ఆ ఘనముపై అత్యంత సూక్ష్మమైన అల్యూమినా పూత నొకదానిని పెట్టి చూచిరి. చదరపు సెంటీమీటరు తలమున 1,710 ఓములుగ నున్న యడ్డు ఒక ఓమునకు దిగిపోయినది. ఘనము మాఱలేదు, లోహము మాఱలేదు. కంటికి కనబడని పూత మాత్రమే మాఱినది. ఈ యొక్క ఫలితమును పాఠకులు బాగుగ జ్ఞప్తియం దుంచుకొనవలయునని కోరుచున్నాము. మేము చెప్పదలచిన తక్కిన దంతయు దీనినుండియే వెలువడును.

ఈ శాస్త్రవిషయమునకును మన్యమునందలి బొర్రాకును సంబంధ మేమని కొంద ఱడుగవచ్చును. సంబంధము దగ్గఱిదే. అనంతగిరి, అరకు ప్రాంతములందలి కొండలు చాలవఱకు ఖోండలైటు అను రాతితో నేర్పడినవి. 1902లో వాకరను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండలలో వసించు ఖోండుల పేరనే దానికి నామకరణ మొనర్చెను. ఆ రాతియందు గార్నెట్టును, గ్రాఫైటును సహజముగ నున్నవి. నవరత్నములలోని గోమేధికము చేరిన కుటుంబమే గార్నెట్టు. పెన్సిలు లోపలి నల్లని పుల్లయే గ్రాఫైటు. విశాఖ, శ్రీకాకుళ, గోదావరి మన్యములందు గ్రాఫైటు పొరలు కలవని చాలకాలముగ తెలిసినదే. బొర్రా గుహలను తొలిచిన గోస్తనీనది యీ కొండలనుండి దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియుచున్నది. తూర్పుకనుమల రాళ్లు యుగములతరబడి చివికి, ఏళ్లు వాగుల వెంట సముద్రమునకు చేరి, మన తీరమున నల్లని యిసుకయై మేటవేసినవి. ఆ యిసుకలో గార్నెట్టుతోపాటు జిర్కాను, మోనజైటు ఉన్నవి. విశాఖ మండలపు తీరమున మోనజైటు గలదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భూగర్భశాస్త్రశాఖను నెలకొల్పిన ఆచార్య మహదేవన్, శ్రీరామదాసుగారితో కలిసి 1948లోనే ప్రకటించిరి. జిర్కానునుండి జిర్కోనియమును, మోనజైటునుండి లాంథనమును తీయవచ్చును. అనగా 2007 నాటి యా ఘనమునకు కావలసిన లోహములలో రెండు మన తీరమున నున్నవి. ఇప్పటి బాటరీల ఋణధ్రువమునకు కావలసిన గ్రాఫైటు మన కొండలలో నున్నది.

ఇది విని తొందరపడి సంతోషింపరాదు. కొండలోని గార్నెట్టు సిలికేటు రాయి. బాటరీలోని ఘనము నిర్మాణమున దానికి పోలిక గలదే గాని వస్తువున వేఱు. గార్నెట్టును త్రవ్వి బాటరీలో పెట్టుట కాదు. ముఖ్యమైన లిథియము మనకడ లేదు. జమ్మూలోని రియాసీ ప్రాంతమున 59 లక్షల టన్నుల ఖనిజము ఉండవచ్చునని 2023లో భూగర్భపరిశోధనశాఖవారు ప్రకటించినను, అది ప్రాథమికమైన యంచనా మాత్రమే. మఱియు ఖనిజ మున్నంత మాత్రమున సంపద యున్నట్లు కాదు.

గ్రాఫైటు కథయే యిందులకు తార్కాణము. గ్రాఫైటు నొకజాతి ద్రవములో నుంచి ఛార్జి చేసినచో దాని పొరలు విడిపోయి పొట్టువలె రాలిపోవును. అదే గ్రాఫైటును ఎథిలీను కార్బొనేటు గల ద్రవములో నుంచినచో మొదటి ఛార్జియందే సంధితలమున నొక పలుచని రక్షణపొర యేర్పడి, తరువాత వేయి పర్యాయములైనను అది చెడక పనిచేయును. 1990లో కెనడా దేశపు డాన్ మున్నగువారు ఈ మర్మమును స్పష్టపఱచిన పిమ్మటనే గ్రాఫైటు బాటరీలకు మార్గము తెఱపి యైనది. గ్రాఫైటు రెండు చోట్లను ఒక్కటే. ఒకచోట పొట్టు, ఒకచోట ధనము. భేదము సంధితలమున నున్నది. కావున గనివద్ద గ్రాఫైటునకు వచ్చు వెల యొకటి, దానిని 99.95 పాళ్లవఱకు శుద్ధిచేసి, గుండ్రని రేణువులుగ మలచి, పైన పూత పెట్టినవాడు పుచ్చుకొను వెల మఱియొకటి. ఈ రెండవ విద్యయందు చీనావారు సర్వాధిక్యము గడించిరి. 2023 డిసెంబరునుండి వారు గ్రాఫైటు ఎగుమతికి అనుమతిపత్రములు విధించినపుడు లోకమునందలి బాటరీ కర్మాగారములన్నియు ఉలికిపడినవి. గ్రాఫైటు గనులు అనేక దేశములందు కలవు; ఆ విద్య మాత్రము కొలదిచోట్లనే యున్నది.

త్రవ్వి పంపుట, చేసినదానిని కొనుట యను వ్యాపారమును బొర్రావారు చిరకాలముగ కన్నులార చూచుచున్నారు. 1960 దశకమున కొత్తవలస నుండి కిరండూలువఱకు ఆ కొండలను తొలిచి రైలుమార్గమును వేసినది ముఖ్యముగ బైలదిల్లా ఇనుపరాతిని విశాఖరేవునకు దింపి జపానునకు పంపుట కొఱకే. ఖనిజపు బండ్లు బొర్రా స్టేషను మీదుగ దిగినవి. జపానువారు ఆ రాతిని ఉక్కుగ మార్చిరి. రైలు వచ్చినందున యాత్రికులు వచ్చిరి, కొంత వ్యాపారము కలిగినది, కాదనము. కాని బండి దాటిపోయిన గ్రామములలో ఉక్కువిద్య నిలువలేదు. ఇనుము విషయమున జరిగినదే గ్రాఫైటు విషయమున జరుగరాదు.

నేడు ఈ హెచ్చరిక యవసర మేల యనగా, 2023లో కేంద్రప్రభుత్వమువారు గ్రాఫైటు, లిథియము, జిర్కోనియము మొదలగు 24 ఖనిజములను కీలకములుగ నెంచి, వాని గనులను వేలము వేయు నధికారమును శాసనము మార్చి తామే గైకొనిరి. 2025 జనవరిలో కీలకఖనిజముల కొఱకు ఏడేండ్ల ప్రణాళిక నంగీకరించి, 16,300 కోట్ల రూపాయల వ్యయమును నిర్ణయించిరి. దేశమునకు స్వయంపోషకత్వము కావలయునను ఉద్దేశము ప్రశంసనీయమే. కాని యీ యుత్సాహము కొండలవైపు తిరిగినపుడు, ఆ కొండలకు ఒక న్యాయము కలదని మఱవరాదు. ఆ న్యాయము పుట్టినదియు బొర్రాయందే.

బొర్రా పంచాయతీ గ్రామములలో గిరిజనేతరులకిచ్చిన గని కౌళ్లపై సమత యను సంస్థ న్యాయస్థానముల కెక్కెను. 1997 జూలై 11వ తేదీని సర్వోన్నత న్యాయస్థానమువారు అధికసంఖ్యాకుల నిర్ణయముగ తీర్పు చెప్పిరి. షెడ్యూల్డు ప్రాంతములందలి భూమిని గిరిజనేతరుల కీయరాదను 1959 నాటి నిబంధన, 1970లో సవరింపబడినట్లు, ప్రభుత్వమునకును వర్తించుననియు, ప్రభుత్వభూమిని, అటవీభూమిని సైతము ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలు కీయరాదనియు వారు శాసించిరి. ప్రభుత్వపు ఖనిజాభివృద్ధి సంస్థయో, గిరిజనుల సహకారసంఘమో మాత్రమే యా పనికి పూనవచ్చును. నికరలాభమున కనీసము నూటికి 20 పాళ్లు ఆ ప్రాంతపు నీటికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వతనిధిగ నుంచవలయునని కూడ నిర్దేశించిరి. ఈ తీర్పు దేశాభివృద్ధికి అడ్డుగోడ యని యాక్షేపించువారు కలరు. మేము వారితో నేకీభవింపజాలము. గ్రాఫైటును శుద్ధిచేయుటకు తీవ్రమైన ఆమ్లములను వాడు పద్ధతి లోకమున విరివిగ నున్నది. అట్టి మురుగు గోస్తనిలో కలిసిన పక్షమున మొదట గిరిజనుని చెలమయు, పిదప తాటిపూడి నీరు త్రాగు విశాఖవాసి కుండయు చెడును. కొండపైవానికి రక్షయైన న్యాయమే క్రిందివానికిని రక్ష. ఈ విషయమున పట్టణవాసులు తటస్థులుగ నుండదగదు.

అసలు సంపద రాతిలో కాక సంధితలపు విద్యలో నున్నదని పైన జూపితిమి. అది నిజమైనచో కొండను త్వరపడి తవ్వవలసిన యగత్యము లేదు. ప్రయోగశాలను త్వరపడి కట్టవలసిన యగత్యము కలదు. దానికి కావలసిన సాధనములు మనకు దగ్గఱనే యున్నవి. హైదరాబాదున బాలాపురమునందు చూర్ణలోహములకును, నవ్యపదార్థములకును జాతీయ పరిశోధనకేంద్ర మున్నది. బాటరీపదార్థములపై అచ్చట కృషి జరుగుచున్నది. అదే నగరమున 1971లో నేర్పడిన అణుఇంధన సంస్థవారు జిర్కానునుండి జిర్కోనియమును తీయు విద్యయందు ఆఱితేఱినవారు. అరవదేశమున కారైకుడియందు 1953లో తెఱచిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనశాల యున్నది. విశాఖలో విశ్వకళాపరిషత్తున్నది. 2023 మేనెలలో మహబూబునగరముచెంత దివిటిపల్లిలో అమరరాజా సంస్థవారి బాటరీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. కర్మాగారములు రావలసినవే. అయితే కొనితెచ్చిన విద్యతో నడుచు కర్మాగారము, ఆ విద్య మాఱిననాడు పాతయినుప కొట్టగును. ద్రవబాటరీనుండి ఘనబాటరీకి లోకము మాఱునాటికి సంధితల మెఱిగిన మనుష్యులు మనకు వందలకొలది యుండవలయును.

కావున మా సూచనలు మూడు. విశాఖయందు ఘనసంధితల పరిశోధనకు ప్రత్యేకమైన ప్రయోగశాలను విశ్వకళాపరిషత్తు, పైన చెప్పిన సంస్థలు కలిసి స్థాపింపవలయును. దానికి ఏటేటి దయాదాక్షిణ్యములపై గాక, పదునైదేండ్లకు తక్కువ కాని స్థిరనిధి యేర్పఱపవలయును. 2007లో వెలువడిన ఘనము నేటికిని విరివిగ మన యింటికి రాకపోవుటయే యీ విద్యకు ఓర్పు కావలయుననుటకు సాక్ష్యము. రెండవది: మన్యమున గ్రాఫైటు తీయుట యవసరమని యెప్పుడైన తేలినచో అది బొర్రా తీర్పునకు లోబడి, గ్రామసభల సమ్మతితో, శుద్ధిచేయని సరకు రాష్ట్రము దాటకుండు నేర్పాటుతో మాత్రమే జరుగవలయును. మూడవది: అనంతగిరి, అరకు, పాడేరు ప్రాంతముల గిరిజన బాలబాలికలకు రసాయన, భూగర్భశాస్త్రములందు ఉన్నతవిద్యకు వేతనము లేర్పఱచి, ఆ ప్రయోగశాలలో వారికి స్థానము చూపవలయును. రాయి వారిది; రాతి విద్యయందు కూలివాని స్థానము మాత్రమే వారి కిచ్చుట న్యాయము కాదు.

ధనవంతులగు భూస్వాములకును, వర్తకులకును ఒక మాట. మిల్లులలోను, సినీమాలలోను పెట్టుబడి పెట్టుటకు మనవారు వెనుదీయుట లేదు. పరిశోధనకు పెట్టిన రూపాయి మరుసటి పంటకు వడ్డీ తేదు. కాని కారైకుడి ప్రయోగశాలకు మూడువందల యెకరముల నేలను, పదునైదు లక్షల రూపాయలను దానమిచ్చినది అళగప్ప చెట్టియారు అను వర్తకుడే యని జ్ఞప్తి చేయుచున్నాము. తెలుగునాట అట్టి దాత లేడనుకొనుటకు మాకు మనసొప్పకున్నది.

కల్తీబాటరీ కొని ప్రాణము పోగొట్టుకొనువాడును, రాతిని కారుచౌకకు అమ్ముకొనువాడును ఒకే లోపమువలన నష్టపోవుచున్నారు. వస్తువును చేయు విద్య యితరులచేత నున్నది. ఆ లోపమును తీర్చుట ప్రభుత్వమువారికిని, విద్యాసంస్థలకును, ప్రజలకును సమానమైన బాధ్యత. రాబోవు బడ్జెటు చర్చలలో శాసనసభ్యు లీ విషయమును ప్రస్తావించి, గనుల యాదాయమెంత యని యడుగుటకు ముందు ప్రయోగశాల కెంత కేటాయించితిరని యడుగుదురుగాక.